తీరభూముల మండల మార్పు దరఖాస్తులు - మన కర్తవ్యము

(వార్షిక మహాసభ రెండవ దినమున చేసిన ఉపన్యాసము)

 

నిన్నటి సభయందు విద్యను గుఱించియు, విద్యార్థి వసతిగృహమును గుఱించియు పెద్దలు మనోహరముగ ప్రసంగించిరి. నాకు ఒప్పగింపబడిన విషయము అంత ఇంపైనది కాదు. అయినను దీనికి గడువున్నది. వసతిగృహమునకు గడువు లేదు. కావున ముందుగ దీనిని వినుడని ప్రార్థించుచున్నాను.

విశాఖపట్టణమునకు ఉత్తరముగ మన జాలరి, వాడబలిజ కుటుంబములు నివసించు నొక తీరగ్రామమునందు, ఊరికిని సముద్రమునకును నడుమనున్న సుమారు 4 ఎకరముల భూమిని నివాస మండలమునుండి వాణిజ్య మండలమునకు మార్పవలసినదని యొక దరఖాస్తు పెట్టబడినది. దానిపై ముసాయిదా ప్రకటన వెలువడి నేటికి 6 దినములైనది. అభ్యంతరములు, సూచనలు తెలుపుటకు ఒసగిన గడువు 15 దినములు. దరఖాస్తుదారులు మన సంఘమువారిని సమ్మతి పత్రమిమ్మని కోరిరి. ఆ యూరి వేటగాండ్రు అభ్యంతరము తెలుపుడని కోరిరి. ఉభయులును మనవారే. దరఖాస్తుదారులు మన వసతిగృహమునకు రెండు గదులు కట్టించి యిచ్చిన పోషకులు; ఈ సభయందే ఆసీనులై యున్నారు. వారి యెదుట చెప్పజాలని మాటను వారి వెనుక చెప్పుట నాకిష్టము లేదు గనుక, ఈ యుపన్యాసమును నిన్ననే వారికి చదివి వినిపించితిని. వారు శాంతముగ విని, "సభలో చెప్పుడు" అనిరి. ఆ యౌదార్యమునకు వారికి కృతజ్ఞుడను.

కార్యనిర్వాహక వర్గమువారు నన్నును, మఱి నలుగురిని పరిశీలన సంఘముగ నియమించిరి. మేము చూచినదియు, తేల్చినదియు క్రమముగ మనవి చేసెదను.

మండలము అననేమి?

మనవారిలో పలువురు మండల మార్పును భూమి యమ్మకముతో సమానముగ తలచుచున్నారు. అది సరికాదు. పట్టణమెట్లు పెరుగవలెనో ముందుగ నిర్ణయించి, ఏ నేలయందు ఇండ్లు, ఏ నేలయందు అంగళ్లు, ఏ నేలయందు కర్మాగారములు ఉండవలెనో పటమునందు రంగులు వేసి చూపుటయే మండలీకరణము. మన ప్రాంతమునకిది క్రొత్త కాదు. మద్రాసు పట్టణ ప్రణాళికా చట్టము 1920లోనే వచ్చినది. ఇప్పుడు 2016 సం॥ చట్టము ననుసరించి ఏర్పడిన పట్టణాభివృద్ధి సంస్థలు ఆ పని చేయుచున్నవి. పటమునందలి రంగును మార్పుమని భూస్వామి కోరవచ్చును. సంస్థవారు స్థలము చూచి నివేదిక వ్రాసెదరు; ముసాయిదా రాజపత్రమునందు ప్రకటింపబడును; సాధారణముగ 15 దినములు ప్రజల మాట విందురు; పిమ్మట తుది యుత్తరువు వెలువడును.

అనగా, ప్రజలను అడుగు ఘట్టమొకటి చట్టమునందే యున్నది. ఆ ఘట్టమునందు మనము మౌనముగ నుండి, గోడ లేచిన పిమ్మట ధర్నాకు కూర్చుండుట మనకు అలవాటైనది. గోడను కూల్చుటకంటె కాగితమునకు బదులు వ్రాయుట సులభమని మనమింకను నేర్చుకొనలేదు.

మొదటి ప్రశ్న: భూమి యెవరిది?

మేము మొదట గ్రామ పటమును, క్షేత్రమాపన పుస్తకమును, అడంగలును తెప్పించి చూచితిమి. దరఖాస్తునకు జతపఱచిన నక్షాయందలి భూమి యంతయు నొక్క తీరుగ గీయబడియున్నది గాని, రికార్డులయందు అది రెండు తీరులు. ఊరివైపు భాగము దరఖాస్తుదారుల జిరాయితీ పట్టా. వారి తాతగారు సరుగుడు తోపు వేయించిన నేల. సముద్రమువైపు భాగము ప్రభుత్వ పోరంబోకు. నక్షా గీసినవాడు సరుగుడు తోపు చివరి వరుసయొద్ద ఆగవలసినది, ఆగలేదు. ఇందు దరఖాస్తుదారుల దురుద్దేశము కలదని మేము తలపము. వారడుగగా నక్షా గీసినవాడు, "పోటుగీత వఱకు మీదే యనుకొంటిని" అని చెప్పెనట.

ఇట్టి దరఖాస్తులను పరిశీలించువారు ఒక సంగతి యెఱుగవలయును. మండల మార్పు ఉత్తరువులయందు, ఈ మార్పు భూమి హక్కునకు రుజువు కాదని సాధారణముగ నొక షరతు వ్రాయబడును. కావున ప్రభుత్వమువారు రంగు మార్చిరి గనుక భూమి వారిదే యైనదని భయపడనక్కఱలేదు. రంగు మార్చిరి గనుక భూమి మాదేయని యెవ్వరును గర్వింపనక్కఱయు లేదు. అయితే ఉత్తరువునందు ఆ షరతు నెందఱు చదువుదురు? పటమునందు రంగు మాత్రము అందఱకును కనబడును. పదేండ్ల పిమ్మట ఆ రంగే సాక్షి యగును. డి-పట్టా భూములున్న యూళ్లలో 1977 సం॥ 9వ చట్టమును, దాని తరువాతి సవరణలతోగూడ, విధిగ చదువవలయును.

రెండవ ప్రశ్న: ఏమి చెప్పిరని కాదు, ఏమి చేయవచ్చునని.

దరఖాస్తుదారులు ఒక శీతల గిడ్డంగియు, పది అంగళ్లును, చిన్న భోజనశాలయు కట్టుదుమని చెప్పిరి. మన యువకులకు పనులిత్తుమనిరి. వారి మాటను మేము నమ్ముచున్నాము. అయినను మండలము మనిషికి ఈయబడదు, నేలకు ఈయబడును. నేల చేతులు మారినపుడు రంగు నేలతోనే పోవును. మాట మాత్రము చెప్పినవారితోనే నిలిచిపోవును. రేపు వారి కుమారులు పట్టణమునందు స్థిరపడి ఆ భూమిని వేఱొకరికి అమ్మినచో, కొన్నవాడు వాణిజ్య మండలమునందు చెల్లు నెట్టి కట్టడమునకైనను అనుమతి కోరవచ్చును. కావున పరిశీలించువాడు చెప్పబడిన చిన్న కట్టడమును కాక, చెల్లదగిన పెద్ద కట్టడమునే మనస్సునందుంచుకొని చూడవలయును. ఆ కట్టడమునకు నీరెక్కడిది? బోరు లోతుగ త్రవ్వినకొలది తీరమున ఉప్పునీరు లోనికి వచ్చును. ఊరి మంచినీటి నూతులు చెడును. మురుగెక్కడకు పోవును? బండ్లు ఏ త్రోవను వచ్చును? ఊరి నడుమ గంగమ్మ గుడి ప్రక్క సందు తప్ప ఆ నేలకు వేఱు త్రోవ లేదు. ఆ సందును వెడల్పు చేయవలసినచో ఎవరి యరుగులు పోవునో ఆ యూరివారికి తెలియును.

మూడవ ప్రశ్న: ఆ నేల నేడేమి చేయుచున్నది?

సోదరులారా, మేము ముఖ్యముగ నెంచిన ప్రశ్న యిదియే. దీనిని గుఱించి చెప్పుటకు ముందు నా స్వంత సంగతి యొకటి చెప్పవలసియున్నది.

నేను 31 సంవత్సరములు సర్వే ఉద్యోగము చేసితిని. చేరిన తొలి దినములలో, ఇంకొక తీరగ్రామమునకు తనిఖీకై పంపబడితిని. పగలు 11 గంటలకు బస్సు దిగితిని. ఇసుక కాలుచుండెను. విరిగిన తెప్పలు రెండును, వాని నీడయందు పండుకొనిన కుక్కయు తప్ప తీరమున మఱేమియు కానరాలేదు. గొలుసు లాగించి, కొలతలు వ్రాసికొని, వాడుక యను గడియందు "ఖాళీ" యని వ్రాసి, సంతకము చేసి, 2 గంటల బస్సునకు తిరిగివచ్చితిని. నా తండ్రి వేటకు పోయిన మనిషి. పగలు 11 గంటలకు తీరమేల శూన్యముగ నుండునో నాకు తెలియదా? తెలియును. అయినను అట్లే వ్రాసితిని. ఆ గడి చిన్నది. అందు పట్టు మాట అదియే. నేడచ్చట పొడవైన గోడ యున్నది. చేపల తట్టలు నెత్తిన పెట్టుకొని స్త్రీలు ఆ గోడచుట్టు తిరిగి రేవునకు పోవుచున్నారు. నన్నెవ్వరును నిందింపలేదు, ఏలయన ఆ మాట వ్రాసినది నేనని వారికి తెలియదు. ఈ సభలో మొదటిసారి చెప్పుచున్నాను.

ఈ దరఖాస్తుతో జతపఱచిన స్థల వివరణమునందును అదే మాట చూచితిని. "ఇసుక నేల, ఖాళీ". ఉపగ్రహ పటమునందును అట్లే కనబడును. ఆ పటము తీసిన గడియ పగటి గడియ.

కావున మేము పగలు 11 గంటలకు పోలేదు. తెల్లవారుజామున 4 గంటలకు పోతిమి. ఆ చీకటియందు నావలను నీటిలోనికి త్రోయువారి కేకలు వింటిమి. 8 గంటలకు చూచితిమి: పెదవలను ఒడ్డునకు లాగుచుండిరి, ముసలివారును పిల్లలును త్రాడు పట్టిరి, పట్టినవారికెల్ల వంతు కలదు. 10 గంటలకు స్త్రీలు కవ్వళ్లను, నెత్తళ్లను ఆరబోసిరి. సాయంకాలము చినిగిన వలలు కుట్టుచుండిరి. అదే నేల. రాత్రి కూడ అది ఖాళీ కాదు. ఉక్కపోత దినములలో ఊరిలో సగము మంది అచ్చటనే నిద్రింతురు.

ఇక సంవత్సరమంతయు చూడుడు. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మన తూర్పు తీరమున యంత్రపు పడవలకును మోటారు నావలకును వేట నిషేధము. ఆ దినములలో నావలన్నియు ఒడ్డుననే యుండవలెను. అపుడా నేలయందు నడచుటకైనను సందు దొరకదు. తుపాను హెచ్చరిక వచ్చినపుడు నావలను పోటుగీతకు పైకి లాగవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ తీరమును తాకినపుడు ఆ యూరివారు తమ నావలను సరుగుడు తోపులోనికి లాగి చెట్లకు కట్టిరట. అట్లు కట్టినవి కొన్ని దక్కినవి; ఒడ్డున విడిచినవి పోయినవి. ఆ రాత్రి తోపు తలుపు తెఱచినవారు మన దరఖాస్తుదారుల తండ్రిగారేయని ఊరివారు నేటికిని చెప్పుకొనుచున్నారు. ఈ మాట చెప్పకున్న నేను కృతఘ్నుడనగుదును.

చేపలారబోయుచున్న యొక వృద్ధురాలిని, "అమ్మా, ఈ స్థలము ఖాళీయని కాగితములో వ్రాసియున్నది, నీవేమందువు?" అని యడిగితిని. ఆమె తలయెత్తకుండగనే, "మేం నేనప్పుడొచ్చి సూసి ఏటీ నేదంటే ఎలాగ బాబూ?" అనినది. నా 31 సంవత్సరముల యుద్యోగమునకు ఆ తల్లి యొక్క వాక్యముతో తనిఖీ చేసినది.

నాల్గవ ప్రశ్న: రెండవ వాకిలి.

మండల మార్పు దొరికినంత మాత్రమున కట్టుటకు వీలు కలుగదు. తీరభూమికి రెండవ వాకిలి యొకటి కలదు. 1991 ఫిబ్రవరి 19న కేంద్ర ప్రభుత్వమువారు తీర నియంత్రణ మండల ప్రకటనను వెలువరించి, పోటుగీతనుండి 500 మీటర్ల వఱకు గల భూమిని నియమములకు లోబఱచిరి. దానికి బదులుగ 2011లో నొకటియు, 2019లో నొకటియు ప్రకటనలు వచ్చినవి. 2019 ప్రకటన ప్రకారము జనసాంద్రత హెచ్చుగనున్న పల్లెతీరములయందు కట్టడములు కూడని పట్టీ 50 మీటర్లు. తక్కిన పల్లెతీరములయందు 200 మీటర్లు. పట్టణ తీరములకు లెక్క వేఱు. ఏ యూరు ఏ తరగతియో, ఏ పటము అమలునందున్నదో మొదట తెలిసికొని పిమ్మట వాదింపవలయును. ఊహతో వాదించువాని మాట అధికారి వినడు.

ఆ ప్రకటనలయందు మనవారు చూడవలసిన అంశములు రెండు కలవు. ఒకటి: మత్స్యకారులకు వలయు చేపలారబోయు స్థలములు, వేలము పాకలు, వలలు బాగుచేయు తావులు, నావలు కట్టు తావులు, మంచు కర్మాగారములు ఆ కూడని పట్టీయందును చెల్లును. రెండు: తీర నిర్వహణ పటములయందు మత్స్యకార గ్రామములను, వారి యుమ్మడి యాస్తులను, చేపలారబోయు స్థలములను సర్వే పటముల కొలతలో గుర్తించి చూపవలెను. ఇది ప్రభుత్వమువారు మనకిచ్చిన గడి. నా నాటి ఆ చిన్న గడియందు "ఖాళీ" తప్ప మఱేమియు పట్టలేదు. ఈ గడియందు మన బ్రతుకంతయు పట్టును. మన యూళ్లలో ఎన్ని యూళ్లవారు ఆ పటమును చూచిరి? చూచి, మా ఆరుబోత నేల ఇందు లేదేయని ఎందఱు వ్రాసిరి? ఈ సభయందే చేతులెత్తుడనిన ఎన్ని చేతులు లేచునో నాకు సందేహము.

రెండవ వాకిలిని విస్మరించినవారికి ఏమగునో కేరళదేశమున మరడు నందు చూచితిమి. అచ్చటి పంచాయతీవారు 2006లో కట్టడమునకు అనుమతి యిచ్చిరి. తీర నియమముల అనుమతి లేదు. 2019 మే నెలలో సుప్రీంకోర్టువారు కూల్చుడని యుత్తరువు చేసిరి. 2020 జనవరి 11, 12 తేదీలలో నాలుగు బహుళ అంతస్తుల సముదాయములు మందుగుండుతో నేల కూలినవి. వందలకొలది కుటుంబములు ముందే ఇండ్లు విడిచి పోవలసివచ్చినది. కావున తొందరపడి తెచ్చుకొన్న యనుమతి దరఖాస్తుదారులకును మేలు చేయదు. మనము ముందు చెప్పు అభ్యంతరము శత్రుత్వము కాదు. పెట్టుబడి పెట్టువారికి హితవు.

సముద్రతీరము, పాఱు నీరు మొదలగునవి ప్రజలందఱి పక్షమున ప్రభుత్వముచేత న్యాసముగ నుంచబడినవని సుప్రీంకోర్టువారు 1996లో కమలనాథ్ వ్యాజ్యమునందు చెప్పియున్నారు. న్యాసమునకు ధర్మకర్త కలడు, నిజమే. అయితే న్యాసపు ఫలమనుభవించువారు నోరు తెఱువనిచో ధర్మకర్తకు గుర్తుచేయువారెవరు?

యువకుల మాట.

ఇక ఎదుటి పక్షమునకు న్యాయము చేయవలెను. ఊరి యువకులు కొందఱు మమ్ము కలిసికొని, "వేటలో మాకు మిగులునదేమి? డీజిలు ధర పెరిగినది, చేప తగ్గినది. అంగడి వచ్చిన జీతమైన దొరకును. మీరు పట్టణమున పింఛను తీసికొనుచు మమ్ము వలలు కుట్టుకొమ్మని యేల చెప్పుదురు?" అనిరి. ఆ మాట నన్ను గుచ్చినది. దానికి తేలిక సమాధానము లేదు. మన కులవృత్తి పవిత్రమని వేదికలెక్కి చెప్పుచు, మన బిడ్డలను మాత్రము ఉద్యోగములకు పంపుకొనువారము మనమే. శీతల గిడ్డంగి ఆ యూరికి నిజముగ అవసరము. సరుకు చెడునను భయముచేత స్త్రీలు తెల్లవాఱి చేపను మధ్యాహ్నమునకే తక్కువ ధరకు అమ్ముకొనుచున్నారు. కావున ఆ దరఖాస్తును పూర్తిగ తిరస్కరింపుడని మేము చెప్పుట లేదు.

మా సిఫార్సులు.

1. సరుగుడు తోపునకు ఊరివైపుననున్న పట్టా భూమిని వాణిజ్య మండలముగ పరిశీలించుటకు మనకు అభ్యంతరము లేదని తెలుపవలెను.

2. తోపు చివరి వరుసనుండి సముద్రము వఱకు గల నేలను నక్షానుండి తొలగించి, దానిని మత్స్యకారుల ఉమ్మడి వాడుక భూమిగ, సర్వే నంబరుతో సహా, పటములయందు చూపవలెనని కోరవలెను.

3. గంగమ్మ గుడి ప్రక్కనుండి రేవునకు పోవు త్రోవయు, తుపాను వేళ నావలను లాగుటకు తోపునందు విడువవలసిన దారియు ఉత్తరువునందు షరతులుగ వ్రాయవలెనని కోరవలెను. తండ్రిగారు తెఱచిన తలుపును కాగితముపై కూడ తెఱచియుంచుడని దరఖాస్తుదారులను ప్రార్థించుచున్నాము.

4. బోరు నీటికిని, మురుగు నీటికిని తగిన కట్టడి యుండవలెను. ఉద్యోగముల మాట మండలపు ఉత్తరువునందు ఇముడదు. దానికి వేఱుగ వ్రాతమూలకమైన ఒడంబడిక చేసికొనవలెను.

5. ఇకమీదట మన సంఘపు ముద్రతో ఏ భూమికిని, స్థలము చూడకుండ, సమ్మతి పత్రము నీయరాదు. సంబంధము గలవారు ఆ తీర్మానమునందు ఓటు వేయరాదు.

ఐదవదానిని గుఱించి ఒక మాట. మూడేండ్ల క్రిందట వేఱొక యూరి విషయమున మనమట్టి పత్రము నిచ్చితిమి. ఎవ్వరము పోయి చూడలేదు. అడిగినవారు గొప్పవారు, మనవారు. కాదనుట మర్యాద కాదనిపించినది. ఆ పత్రమును జతపఱచి, "స్థానిక మత్స్యకారులు సమ్మతించిరి" అని ఫైలునందు వ్రాసికొనిరి. మన సంఘము ఆ యూరు కాదు. ఊరికి బదులుగ మాటాడు హక్కు మనకెవ్వరు నిచ్చిరి? మన ముద్ర రబ్బరుతో చేసినదే గాని, దాని క్రింద నలిగినది ఊరి నేల.

చివరగ అన్ని తీరగ్రామముల పెద్దలకు ఒక విన్నపము. ఎవరో దరఖాస్తు పెట్టువఱకు వేచియుండక, ప్రతి యూరివారును ఒక పుస్తకము తెఱువుడు. ఏ నేల, ఏ సర్వే నంబరు, ఏ మాసమున, ఏ వేళ, ఏ పనికి వాడుదురో అందు వ్రాయుడు. చదువుకొన్న మన బిడ్డలు సెల్ ఫోనుతో ఛాయాచిత్రములు తీసి, తేదీలు వేసి, దానిలో నతికింపవచ్చును. ఆడువారిని తప్పక అడుగుడు. తీరమును ఎక్కువ గంటలు వాడువారు వారే. ఆ పుస్తకపు ప్రతులను పంచాయతీకి లేక పురపాలక సంఘమునకును, తీర మండల అధికార సంస్థకును పంపి రసీదు తీసికొనుడు.

గడువులో ఇక 9 దినములున్నవి. తీర్మానము మధ్యాహ్నము మీ యెదుటకు వచ్చును. అది నెగ్గినచో ఒకరికి కొంత నేల తగ్గును. ఓడినచో ఒక యూరికి తీరము తగ్గును. నేను ఓటు వేయు పక్షమేదో మీకు తెలిసియే యున్నది. ఒకప్పుడు నేను వ్రాసిన మాటను నేను తుడువలేను. ఈ యూరి గడియందు ఆ మాట పడకుండ చేయుటకు మాత్రము మీ సాయము వేడుచున్నాను.